అరవై తొమ్మిది తర్వాత

జీవితచరిత్ర శీర్షికకు ఈసారి నా వంతు వచ్చింది. మన గోడపత్రికలో ఇప్పటిదాకా వీరేశలింగం గారు, గురజాడ గారు, మన పర్లాకిమిడి గిడుగు రామమూర్తి గారు వచ్చేశారు. నేను ఫుతబయామా అనే జపాన్ మల్లయోధుడి గురించి రాస్తానంటే మేడమ్ కళ్లజోడు సవరించుకుని, ఆ పేరు తెలుగులో సరిగ్గా రాయగలిగితే రాయమన్నారు. అందుకే పేర్ల దగ్గర చాలా జాగ్రత్త పడ్డాను. చదివేవాళ్లు కూడా కాస్త ఓపిక పట్టాలి.

సుమో అంటే మనలో చాలామందికి నవ్వులాట. ఇద్దరు లావుపాటి మనుషులు ఢీకొంటారు, ఒకడు పడతాడు, అయిపోయింది. నేనూ అలాగే అనుకునేదాన్ని. కిందటేడు ఖోఖో ప్రాక్టీసులో నా మోకాలి లిగమెంటు చిరిగింది. ఆరు వారాలు మంచం మీదే. మా చిన్నాన్న కొడుకు నా గోల భరించలేక ఫోన్లో సుమో పెట్టి చేతికిచ్చాడు. అక్కడ పెద్ద తరగతి పోటీలు సాయంత్రం జరుగుతాయి, మనకది మధ్యాహ్నం భోజనాల వేళ. అమ్మ కంచం తెచ్చేసరికి నేను గోదాలో ఉండేదాన్ని. మొదట కాలక్షేపానికి చూశాను. తర్వాత ఎవరి మోకాలికి కట్టుంది, ఎవరి భుజానికి కట్టుంది అని వెతకడం మొదలుపెట్టాను. నా కాలికీ కట్టుంది కదా! ఆ కట్లను పట్టుకుని వెనక్కి వెళ్తూ వెళ్తూ ఈయన దగ్గర ఆగాను.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మట్టిదిమ్మె మీద గడ్డి మూటలు పాతి కట్టిన గుండ్రటి గిరి, ఇప్పుడు దాని అడ్డుకొలత 4.55 మీటర్లు. ఆ గిరి దాటినా, అరికాలు తప్ప ఒంట్లో ఇంకేది నేలకు తగిలినా ఓడినట్టే. బరువును బట్టి తరగతులు లేవు. వంద కిలోల మనిషి రెండు వందల కిలోల మనిషితో తలపడవచ్చు. చాలా కుస్తీలు నిమిషం కూడా ఉండవు.

అసలు కథంతా బంజుకె అనే పట్టికలో ఉంటుంది. అది పోటీలకు ముందు వేసే హోదాల జాబితా. పైన ఉన్నవాళ్ల పేర్లు లావు అక్షరాల్లో, కిందకి వచ్చేకొద్దీ వెంట్రుకంత సన్నగా రాస్తారు. గెలుపులు ఓటములకన్నా ఎక్కువైతే పేరు పైకి జరుగుతుంది, తక్కువైతే కిందికి దిగుతుంది. పెద్ద తరగతిలో మాఎగషిరా, దానిపైన కోముసుబి, సెకివాకె, ఓజెకి, అన్నిటికీ పైన యోకోజునా. యోకోజునాకి ఒక చిత్రమైన నియమం ఉంది. ఆ హోదా వచ్చినవాడు మళ్లీ కిందికి దిగడు. ఆ స్థాయికి తగ్గట్టు ఆడలేనినాడు ఆట మానుకోవడమే. పైకి మెట్లున్నాయి గానీ, దిగడానికి మెట్లు లేని మేడ అన్నమాట.

ఈ మేడ ఎక్కినవాళ్లలో 35వ యోకోజునా ఫుతబయామా సదాజి. ఇంటిపేరు అకియోషి. 1912 ఫిబ్రవరి 9న క్యూషూ దీవిలోని ఓయితా జిల్లా ఉసా ప్రాంతంలో, సముద్రం ఒడ్డున పుట్టాడు. ఇంకా బడి ఈడు పూర్తిగా రాని వయసులో పిల్లలతో ఆడుకుంటుంటే, ఊదుగొట్టం నుంచి వచ్చిన బాణం పుల్ల కుడి కంట్లో తగిలింది. ఆ కన్ను దాదాపు కనిపించకుండా పోయింది. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రికి పడవ సరుకు రవాణా ఉండేది, దాంతోపాటు అప్పులూ ఉండేవి. కుర్రవాడు తండ్రితో పడవ ఎక్కి పని చేశాడు. ఆ పనిలో తాడు చుట్టే యంత్రంలో చెయ్యి పడి కుడి చిటికెన వేలు కొస పోయింది. సుమోలో నడుముకు కట్టే మవాషి అనే పట్టీని పట్టుకుని గుంజాలి. ఆ పట్టు నిలిచేది చిటికెన వేలి మీదే అంటారు. అంటే కుస్తీలోకి అడుగు పెట్టకముందే కుడివైపు కన్నూ పోయింది, పట్టూ సగమైంది.

అయినా ఊరి పోటీల్లో కుర్రవాడి బలం చూసి ఓయితా పోలీసు పెద్ద ఒకాయన టోక్యోలోని తత్సునామి వస్తాదుకు సిఫారసు చేశాడు. 1927 మార్చిలో, పదిహేనేళ్లకు, సదాజి తొలిసారి గోదా ఎక్కాడు. అక్కడ మల్లులందరూ వస్తాదు ఇంట్లోనే ఉండాలి. కొత్తవాళ్లు తెల్లారకముందే లేచి సాధన చేయాలి, వంట చేయాలి, పెద్దవాళ్లకు వీపు తోమాలి, వాళ్లు తిన్నాకే తినాలి. మన పాత గురుకులాల కథలు చదివినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అక్కడే అతనికి గోదా పేరు పెట్టారు. ఫుతబయామా అంటే రెండాకుల కొండ. గంధపు మొక్క రెండాకుల నాడే వాసన వేస్తుందని జపాన్‌లో ఒక సామెత ఉంది. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనం అంటామే, సరిగ్గా అదే.

నిజం చెప్పాలంటే ఈ పువ్వు పుట్టగానే ఏమీ పరిమళించలేదు. మెట్టు మెట్టుగా, మామూలుగా ఎక్కాడు. 1932 జనవరిలో జీతాలు, లెక్కలు సరిగా లేవని పెద్ద తరగతి మల్లులు చాలామంది సంఘం మీద తిరగబడి, టోక్యోలోని షున్‌జుయెన్ అనే చైనా హోటల్లో బైఠాయించారు. వాళ్లు వెళ్లిపోయాక పెద్ద తరగతి పట్టిక సగం ఖాళీ. ఆ ఖాళీలు నింపడానికి కింది తరగతి నుంచి ఎక్కించినవాళ్లలో ఇరవై ఏళ్లు నిండుతున్న ఫుతబయామా ఒకడు. అంటే మన భాషలో చెప్పాలంటే స్పాట్ అడ్మిషన్.

ఒళ్లు ఇంకా తేలిక, ఎదుటివాళ్లేమో బరువు. గిరి అంచుదాకా వెనక్కి నెట్టించుకుని, చివరి క్షణంలో వెనక్కి వాలి ఎదుటివాణ్ని పక్కకు ఎత్తి విసిరేవాడు. ఆ పట్టును ఉత్‌చారి అంటారు. అంచున వేలాడి గెలిచేవాడని పేరు పడింది. 1935 మే పోటీల్లో 4 గెలిచి 7 ఓడాడు. అప్పటికి ఇతను చరిత్రలో నిలుస్తాడని పందెం కాసేవాళ్లు ఎవరూ ఉండి ఉండరు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన విషయం ఉంది. ఒక కన్ను లేనివాడికి దూరం అంచనా సరిగ్గా అందదు. సుమోలో మొదటి దూకుడే ప్రాణం. ఇద్దరూ వంగి, నేలకు చేతులు ఆనించి, ఒకే క్షణంలో లేవాలి. ఫుతబయామా ఆ క్షణాన్ని ఎదుటివాడికే వదిలేశాడు. నువ్వెప్పుడు లేస్తే అప్పుడే నేనూ లేస్తానన్నట్టు ఉండేవాడు. నేను సిద్ధంగా లేను, ఆగు అని చెయ్యి ఎత్తే అవకాశం నియమాల్లో ఉన్నా వాడుకోలేదు. ఎదుటివాడి తాకిడిని ఒంటితో తీసుకుని, ఒళ్లు ఒంటికి తగిలాక ఇక కంటితో పనిలేకుండా, స్పర్శతోనే కుస్తీ పట్టేవాడు. కుడి చెయ్యి లోపల్నుంచి, ఎడమ చెయ్యి పైనుంచి పట్టీ దొరకబుచ్చుకుంటే ఎడమచేత్తో విసిరేసేవాడు. చూసేవాళ్లకు అది మహారాజు ఠీవిలా కనిపించింది. ఆయనకది అవసరం. కన్ను సంగతి ఆట మానేదాకా బయటికి చెప్పలేదు.

ఒళ్లు నిండి 130 కిలోలకు చేరుతున్న రోజుల్లో ఆట మారిపోయింది. 1936 జనవరి పోటీల ఆరో రోజు అప్పటి పెద్ద యోకోజునా తమనిషికి చేతిలో ఓడాడు. ఏడో రోజు గెలిచాడు. ఆ తర్వాత ఓటమి అన్నది రాలేదు.

అప్పుడు పెద్ద పోటీలు ఏడాదికి రెండే, జనవరిలోనూ మేలోనూ. కాబట్టి లెక్క ఇలా నడిచింది. 1936 జనవరిలో మిగిలిన 5. మేలో సెకివాకెగా 11కి 11, తమనిషికిని కూడా ఈసారి పడగొట్టాడు. 1937 జనవరిలో ఓజెకిగా 11కి 11. జనం రాత్రి నుంచే టికెట్ల కోసం బారులు తీరడంతో పోటీని 13 రోజులకు పెంచారు. ఆ మేలోనూ 13కి 13. సెకివాకె, ఓజెకి మెట్లు రెండూ ఒక్క ఓటమి లేకుండా దాటి యోకోజునా అయ్యాడు. 1938లో రెండు పోటీలూ 13కి 13. మొత్తం 66. మూడేళ్లు కావస్తోంది.

ఆ మూడేళ్లు ఎలాంటివో కూడా చెప్పాలి. 1937 జూలైలో చైనా మీద జపాన్ యుద్ధం మొదలైంది. పత్రికలు సైన్యం గెలుపుల పక్కనే ఇతని గెలుపులు వేశాయి. రేడియో ఇంటింటికీ మోసుకెళ్లింది. ఒక మనిషి ఆట దేశం గర్వానికి కొలమానం అయిపోయింది. అతను ఓడకూడదు అన్నది అతని కోరిక కన్నా జనం కోరిక అయింది. అంత బరువు ఎవరి మోకాళ్లు మోస్తాయి?

1938లో మల్లుల బృందం మంచూరియా, కొరియా వైపు ప్రదర్శనలకు వెళ్లింది. అక్కడ ఫుతబయామాకి అమీబిక్ జిగట విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్లు బాగా తీసిపోయింది. జనవరి పోటీలకు దిగకుండా ఉండాల్సిందే. కానీ డిసెంబరులో తమనిషికి అపెండిసైటిస్ ముదిరి చనిపోయాడు, ఇంకా ఆడుతుండగానే. మరో యోకోజునా ముసాషియామా కుడి మోచేతి దెబ్బతో ఏళ్ల తరబడి సరిగా ఆడలేని స్థితి. ఇలాంటప్పుడు తానూ తప్పుకుంటే ఎలా అని ఫుతబయామా దిగాడంటారు. మూడు రోజులు గెలిచాడు. అరవై తొమ్మిది.

అవతలి వైపు దెవనౌమి వస్తాదు శిష్యులు చాలాకాలంగా ఒకే లెక్క వేస్తున్నారు. వాళ్లలో కసగియామా అనే మల్లుడు వసేదా యూనివర్సిటీలో చదువుకున్నవాడు. అందర్నీ కూర్చోబెట్టి, ఇతని కుడి కాలి మీద దెబ్బ కొట్టాలని తేల్చాడు. కన్ను సంగతి లోకానికి తెలియని రోజులవి. కానీ కుడివైపు ఏదో ఉందని వాళ్లకు అందింది.

1939 జనవరి 15, ఆదివారం, నాలుగో రోజు. మన దగ్గర సంక్రాంతి సందడి నడిచే రోజులు. టోక్యో కొకుగికన్ హాలు కిక్కిరిసింది. ఎదురుగా మాఎగషిరా మూడో స్థానంలో ఉన్న అకినౌమి అనే కుర్రవాడు, మొదటిసారి ఇతనితో పట్టు. ఫుతబయామా విసరబోయిన క్షణంలో అకినౌమి ఎడమ కాలు అతని కుడి కాలికి బయటినుంచి మెలిక వేసింది. యోకోజునా పడ్డాడు. కూర్చునే దిండ్లు గాల్లోకి లేచాయి. రేడియోలో చెబుతున్నాయన తన కళ్లను తానే నమ్మలేక, నిజంగా పడ్డాడా అని పక్కవాణ్ని అడిగి రూఢి చేసుకున్నాడట. ఫుతబయామా మాత్రం ఎప్పటిలాగే వంగి నమస్కరించి, ఎప్పటి ముఖంతోనే గోదా దిగాడు.

ఆ రాత్రి సంగతి చెప్పాలంటే ముందు ఒక కోడి కథ చెప్పాలి. చైనాలో జువాంగ్‌జి అనే ప్రాచీన తత్త్వవేత్త పేరుతో ఉన్న గ్రంథంలోది. రాజుగారు పందెంకోడిని తయారు చేయమని ఒకడికి అప్పగిస్తాడు. పది రోజులకు అడిగితే ఇంకా పొగరుగా ఉందంటాడు. మరో పది రోజులకు, చప్పుడైతే, నీడ కదిలితే రెచ్చిపోతోందంటాడు. మళ్లీ అడిగితే ఇంకా చూపులో కోపం ఉందంటాడు. నలభై రోజులకు, వేరే కోడి కూసినా కదలట్లేదు, చెక్కతో చేసిన కోడిలా ఉంది, ఇక సిద్ధమైంది అంటాడు. దాన్ని చూసి మిగతా కోళ్లు పారిపోతాయి. కోడిపందెంలో రాజ్యాలు తారుమారైన పల్నాటి కథ చదివిన మనకు ఈ కథ సులువుగానే ఎక్కుతుంది. యసుఓకా మసహిరో అనే పండితుడు ఈ కథ ఫుతబయామాకి ఎప్పుడో చెప్పాడు. ఓడిపోయాక ఫుతబయామా ఆయనకు ఒక టెలిగ్రాం పంపాడు. తాను ఇంకా చెక్కకోడిని కాలేకపోయానని దాని సారాంశం. జబ్బు చేసిందని లేదు, బరువు తగ్గిందని లేదు, కన్ను సంగతి లేదు.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. కానీ కథ ఇక్కడితో ఆపితే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఎందుకంటే మర్నాడు కూడా ఓడిపోయాడు. ఆ మర్నాడూ ఓడిపోయాడు. ఆ పోటీ 9 గెలుపులు, 4 ఓటములతో ముగిసింది. గొప్ప టెలిగ్రాం రాసినంత మాత్రాన ఒంట్లోకి బలం తిరిగి రాదు. బలం వచ్చింది మేలో. పోటీని 15 రోజులకు పెంచిన మొదటిసారి అది. 15కి 15 గెలిచాడు. 1940 మేలో మళ్లీ బాగా దెబ్బతిన్నాడు, మధ్యలోనే తప్పుకున్నాడు. మళ్లీ లేచాడు. 1943లో రెండు పోటీలూ ఓటమి లేకుండా గెలిచాడు. మొత్తం 12 టైటిళ్లు. అరవై తొమ్మిది వరకు వచ్చినవి అయిదు. మిగిలిన ఏడూ ఓడిపోవడం తెలిశాక వచ్చినవే. అకినౌమి కూడా తర్వాత యోకోజునా అయ్యాడు, కానీ ఫుతబయామాని మళ్లీ ఎప్పుడూ గెలవలేకపోయాడు.

ఆ తర్వాత యుద్ధం ఆటనే మింగేసింది. కొకుగికన్‌ను సైన్యం తీసుకుంది. పోటీలు బేస్‌బాల్ మైదానంలో పెట్టుకోవాల్సి వచ్చింది. 1944 నవంబరులో, తాను సాధన చేయించిన అజుమఫుజి అనే కుర్రవాడి చేతిలో ఓడాక ఆ పోటీ నుంచి తప్పుకున్నాడు. 1945లో ఆట మానేశాడు. అప్పుడు ముప్పై మూడేళ్లు.

మన గోడపత్రికలో మహనీయుల తప్పులు సాధారణంగా రాయం. కానీ ఇది కూడా ఆయన జీవితమే. ఓడిన దేశంలో, ఆట లేని రోజుల్లో, ఆయన ఒక చిన్న మతబృందంలో చేరాడు. 1947 జనవరిలో కనజావాలో ఆ బృందం మీదికి పోలీసులు వస్తే అడ్డుపడి పెనుగులాడి అరెస్టయ్యాడు. అరవై తొమ్మిది గెలుపుల మనిషి ఫొటో పత్రికల్లో అలా పడింది. బయటికి వచ్చాక, సిగ్గుపడి మూల కూర్చోకుండా, మళ్లీ తన శిష్యుల దగ్గరికి వెళ్లాడు. తోకిత్సుకజె అనే పేరుతో వస్తాదుగా కగమిసతో అనే యోకోజునాని తయారు చేశాడు. 1957లో సుమో సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన హయాంలోనే పై తరగతుల మల్లులకు నెలజీతం వచ్చింది. 1932లో మల్లులు హోటల్లో బైఠాయించింది ఇలాంటి డబ్బు విషయాలకే కదా. ఆ ఖాళీల్లో పైకి వచ్చిన కుర్రవాడే పాతికేళ్ల తర్వాత దాన్ని నెరవేర్చాడు. 1958 నుంచి ఏడాదికి ఆరు పోటీలయ్యాయి. 1968 డిసెంబరు 16న, పదవిలో ఉండగానే, కాలేయ జబ్బుతో పోయాడు. యాభై ఆరేళ్లు.

ఆయన 69 ఇప్పటికీ ఎవరికీ అందలేదు. 1988లో చియొనొఫుజి 53 దగ్గర ఆగాడు. ఫుతబయామా పాత ఫిల్ములు చూసి నేర్చుకున్న మంగోలియా మల్లుడు హకుహో 2010లో 63 దాకా వచ్చి, నవంబరులో కిసెనొసతో చేతిలో ఓడాడు.

ఇక నా సంగతి. నా మోకాలు ఒక్కరోజులో చిరగలేదు. అంతకు రెండు నెలల ముందు నుంచే మెట్లు దిగుతుంటే కలుక్కుమనేది. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. మంచం మీద ఫుతబయామా కన్ను గురించి మొదటిసారి చదివినప్పుడు, చూశారా, ఆయనా దాచాడు అని సంబరపడ్డాను. కొన్ని రోజుల తర్వాత గానీ తేడా తెలియలేదు. ఆయన కన్ను సంగతి ఊరందరి దగ్గర దాచాడు, తన దగ్గర దాచుకోలేదు. లేని కన్నుకు తగ్గట్టు లేవడం, ఆగడం, పట్టుకోవడం అన్నీ మళ్లీ నేర్చుకున్నాడు. నేను మోకాలు బాగానే ఉందని ముందు నాకే చెప్పుకున్నాను. ఉన్న మోకాలితో కాకుండా, లేని మోకాలితో పరిగెత్తాను. ఒంట్లో బలం లేకుండా గోదా ఎక్కిన 1939 జనవరిలో ఆయనకీ అదే అయింది. ఆ వరస పోటీలన్నిటిలో నాకు ఆయన దగ్గరివాడిలా అనిపించింది ఆ ఒక్క పోటీలోనే.

సుమోలో దెబ్బ తగిలి రాకపోయినా ఓడినట్టే లెక్క, పేరు కిందికి దిగుతుంది. అందుకే వాళ్లు దాస్తారు. మన కాలేజీ ఆటల్లో అలాంటి పట్టిక ఏదీ లేదు. అయినా మనం దాస్తాం.

వచ్చే నెల ఖోఖో సెలక్షన్లు. ఫారంలో పాత గాయాలు అని ఒక గడి ఉంటుంది. కిందటేడు అందులో ఏమీ లేవు అని రాసిచ్చాను. ఈసారి కుడి మోకాలు, లిగమెంటు, డిసెంబరు అని రాసి నిన్ననే గేమ్స్ మేడమ్ చేతికిచ్చాను. తీసుకుంటారో లేదో తెలియదు. సెలక్షన్ రోజు మాత్రం వస్తాను.